కొట్టేసిన పేరు

(ముందు పేజీల్లో నల్లగీత ఉన్న చోటల్లా ఒక పేరు ఉండేది. రాసినప్పుడు ఉంది. జులైలో నేనే కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేశాను.)

మే 6

మెల్‌బోర్న్ ఆఫీసు నుంచి హేజల్ మా ఎడారి ఊళ్ళో ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో దిగింది. ఆర్ట్ సెంటర్ వరండాలో టీ తాగుతూ సంగతి చెప్పింది. మా ఊరి పిల్లలే సొంతంగా ఒక సాయంత్రం ఆటపాటలు జరిపించాలి, నేను దగ్గరుండి వాళ్ళకి నేర్పాలి. అలాంటి పిల్లలని వాళ్ళ ఆఫీసులో క్రియేటివ్ ప్రొడ్యూసర్లు అంటారట. అంటే ఏం చేస్తారని అడిగాను. వాళ్ళు ఆడరు, పాడరు, అన్నీ సరిగ్గా జరిగేలా చూస్తారు అంది.

నాకు నవ్వొచ్చింది. అది కుర్దుంగుర్లు పని. మా నాన్న నేల పాట మాది, దానికి మేము కిర్దా, ఆడేదీ పాడేదీ మేము. మేము ఆడుతుంటే పక్కన నిలబడి రంగు సరిగ్గా పూసుకున్నామా, అడుగు తప్పామా, జరగకూడనిది ఏమైనా జరుగుతోందా అని కాపలా కాసేది కుర్దుంగుర్లు. వాళ్ళు మా కడుపున పుట్టినవాళ్ళు, మా కొడుకుల పిల్లలు. వాళ్ళు లేకపోతే ఆట లేదు, కానీ చప్పట్లు మాత్రం వాళ్ళకి పడవు. ఇదంతా చెబితే హేజల్ శ్రద్ధగా రాసుకుంది. స్పెల్లింగ్ మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగి ప్రాణం తీసింది.

ఎవరిని తీసుకోవాలో ఆలోచించే పనే లేకపోయింది. మా అక్క మనవరాలు నంగాలా. నంగాలా అంటే వరస పేరే, ఆ వరసలో పుట్టిన ఆడపిల్లలందరిదీ అదే. సొంత పేరు మాత్రం, కొడుకు కూతురు కదా, అక్కదే పెట్టుకున్నారు, ▬▬▬ అని. ఒకళ్ళని పిలిస్తే ఇద్దరూ పలుకుతారని ఊళ్ళో పెద్ద ▬▬▬, చిన్న ▬▬▬ అంటారు. చిన్నదానికి ఇరవై రెండేళ్ళు. నోరు తక్కువ, చూపు ఎక్కువ. మైకులూ వైర్లూ చూసుకోవడానికి జుపుర్రుర్లా. వాడు వరసకి నాకు మేనమామ కొడుకు, వయసుకి మనవడు. వాడికి నోరు ఎక్కువ, మిగతావన్నీ తక్కువ.

అక్కకి ఫోన్ చేశాను. అక్క టౌన్‌లో ఉంటుంది, కిడ్నీ మెషిన్ కోసం. సోమ, బుధ, శుక్రవారాలు కుర్చీలో కూర్చోబెట్టి రక్తం కడుగుతారు. "ఆగస్టులో శనివారం పెట్టుకోండి. శుక్రవారం కడిగించుకుని వచ్చేస్తా, ఆదివారం మళ్ళీ దింపేయండి. నాన్న పాట నేను లేకుండా నీ వల్ల కాదులే," అంది.

నిజమే. మొదటి గొంతు ఎప్పుడూ అక్కది. నేను వెనక కలిపేదాన్ని.

మే 14

మొదటి పాఠం. నంగాలా క్యాలెండర్ తెచ్చి ఒక శనివారం మీద వేలు పెట్టింది. ఆ రోజు పక్క ఊరితో మనవాళ్ళ ఫుట్‌బాల్. ఆ రోజు దేవుడే దిగొచ్చినా మనం జరిపించే బాస్కెట్‌బాల్ కోర్టులో ఆయనొక్కడే కూర్చోవాలి అన్నాను. ఇంకో శనివారం చూసుకుంది, ఆగస్టు మూడు.

ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలుసుకున్నాకే కుర్చీలు వేయాలని చెప్పాను. పోస్టర్ గోడకి అంటిస్తే కుక్కలు చదువుతాయి, మనుషులకి ఇంటింటికీ వెళ్ళి చెప్పాలి అని కూడా చెప్పాను. అన్నిటికీ తలూపింది. పోస్టర్ దగ్గర మాత్రం ఆగిపోయింది.

"యాపర్లా, పోస్టర్ మీద నా పేరుంటుందా?"

అక్కకీ నాకూ దానిది ఒకటే పిలుపు. ఏ నాయనమ్మని పిలుస్తోందో గొంతుని బట్టి పోల్చుకోవాలి. కుర్దుంగుర్లుకి పేరెందుకే అందామనుకున్నాను, మొహం చూసి అనలేకపోయాను. ఉంటుంది అన్నాను.

మే 29

కోర్టులో వైర్లు పరిచి చూశారు. నేను నంగాలాని పక్కకి పిలిచి చెప్పాను. "అన్నిటికంటే ముందు కరెంటు తీగ ఎక్కడుందో చూసుకో. నువ్వెక్కడ నిలబడినా అది నీ చేతికి అందాలి. తాగొచ్చినవాడెవడైనా మైకు లాక్కుని బూతులు ఎత్తుకున్నాడనుకో, వాడితో వాదించకు. తీగ పీకెయ్."

జుపుర్రుర్లా గుండె బాదుకున్నాడు. అలా పీకితే స్పీకర్లు పోతాయట. పోతే పోయాయి, జనం పోకుండా ఉంటే చాలన్నాను. నంగాలా ప్లగ్గు ఉన్న గోడ దగ్గరికి వెళ్ళి అక్కణ్ణుంచి కోర్టంతా కనబడుతోందా అని చూసుకుంది.

జూన్ 8

అక్క ఫోన్ ఎత్తలేదు. నిద్రపోతూ ఉంటుంది.

జూన్ 9

అక్క ఫోన్ ఎత్తలేదు. దాని ఫోన్ ఎప్పుడూ ఎవడో ఒకడు పట్టుకుపోతాడు.

జూన్ 15

నంగాలాని తీసుకుని టౌన్‌కి వెళ్ళొచ్చాను. కంగారూ తోక కాల్చి పట్టుకెళ్ళాను. అక్క కాస్త గిల్లి చుట్టూ ఉన్న పిల్లలకి పెట్టేసింది. డాక్టర్లు వద్దన్నారంది. మంచిదే, ఇన్నాళ్ళకి ఒకరి మాట వింటోంది. కొంచెం చిక్కింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు మూసుకుంటోంది. మెషిన్ నుంచి వచ్చాక అలసట మామూలే.

నంగాలా పోస్టర్ నమూనా చూపించింది. కింద 'నిర్వహణ: ▬▬▬ నంగాలా' అని పెద్దక్షరాలు. అక్కకి చదవడం రాదు. ఆ పేరు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపింది.

"ఇది నా పేరా, నీ పేరా?" అంది.

"మనదే," అంది నంగాలా.

అక్క నవ్వింది. ఊళ్ళో అందరికీ తన పేరే అచ్చేయించానని చెబుతానంది. తరవాత నేను కొట్టుకి వెళ్ళొచ్చేసరికి నంగాలా అక్కని వాకిట్లో కూర్చోబెట్టి చిన్న రికార్డరులో నాన్న పాట మొత్తం రికార్డు చేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. దారి పొడుగునా తిట్టాను. మనిషే వస్తుంటే రికార్డు దేనికి, ఫోన్లు చేతికొచ్చాక మీకు మనిషి అక్కర్లేకుండా పోయింది అన్నాను. అది రోడ్డు చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక "ఉండనీ యాపర్లా," అంది. అంతే.

జూన్ 30

పోస్టర్లు వచ్చాయి. కొట్టు తలుపు మీద, క్లినిక్‌లో, బడిలో అంటించింది. ఏ పనీ లేకుండా కొట్టు ముందు నుంచి పోతోంది, వస్తోంది. నేను చూడనట్టు ఉన్నాను. ఒకటి తెచ్చి మంచం పక్కన గోడకి పెట్టుకున్నాను.

జులై 11

అక్కని ఆసుపత్రిలో ఉంచారు. జలుబట. ఈ చలికి అందరికీ ఉంది. ఆగస్టుకి తగ్గిపోతుంది. ఒంటికి పూసుకునే పసుపుమట్టి తక్కువుంది, తవ్వి తేవాలి.

జులై 13

పసుపుమట్టి తెచ్చాం. అక్కకి సరిపోయేంత వేరుగా కట్టి పెట్టాను.

జులై 16

రాయలేను.

జులై 24

ఊరి చివర శోకం పాకల్లో ఉన్నాం. అక్కచెల్లెళ్ళ వరస ఆడవాళ్ళం అందరం. జుట్టు తీసేశాం, తెల్లమట్టి పూసుకున్నాం. తెల్లారేసరికి ఏడుపు మొదలవుతుంది. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు. ఏడవడం తప్ప ఇంకేదీ చేతకావడం లేదు. నేను అక్క వెనక పాడినదాన్ని, ముందెవరూ లేకుండా ఇలా ఎలా కూర్చోను.

నంగాలా కూడా జుట్టు తీయించుకుని వచ్చి పాకల అవతల నిలబడింది. ఇక్కడ చాలామంది నోరు విప్పరు, చేతులతోనే మాట్లాడతారు. నేనూ చేత్తోనే అడిగాను, పోస్టర్లు ఏమయ్యాయని. అది చేత్తోనే చెప్పింది, తీసేశాను, కాల్చేశాను అని. కబురు తెలిసిన సాయంత్రమే ఎవరూ చెప్పకుండానే ఊరంతా తిరిగి తీసేసిందట. నా మంచం పక్కదీ తీసేసిందట. క్లినిక్ నర్సుదీ అదే పేరు. ఆవిడ కార్దియా, తెల్లమనిషి, అయినా పేరున్న బిళ్ళ తిప్పి పెట్టుకుందట.

పోయినవాళ్ళ పేరు ఇక పలకం. అది పెట్టుకున్నవాళ్ళందరినీ కుమన్‌జాయి అంటాం. ఆ పేరుని మళ్ళీ వాడుకకి విడిచే దాకా, ఏడాదో రెండేళ్ళో, మావాళ్ళు చెప్పే దాకా. ఆ మాట ఎంతమందికి వాడానో. ఇవాళ పాకలోంచి ఎవరో ఆ పిల్లని "కుమన్‌జాయీ, ఇలా రా" అని పిలిస్తే అది రెండో పిలుపుకి గానీ తిరగలేదు. పిలిచింది తననని తెలియడానికి ఆ పాటి సమయం పట్టింది.

ఈ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పాత పేజీల్లో పేరున్న చోటల్లా కొట్టేశాను. వేరేవాళ్ళెవరూ చూడరు. నా కళ్ళు చూస్తాయిగా.

ఆగస్టు 3

ఈరోజే. కోర్టులో కుక్కలు పడుకుని ఉన్నాయి.

ఆగస్టు 27

మట్టి చేసి వచ్చాం. పోయిన మనిషి జాడ తొలిగేలా ఇంటికి పొగ పట్టించారు. హేజల్ ఫోన్ చేసింది, ముందు కార్యక్రమం మాట ఎత్తలేదు. అది నచ్చింది నాకు. తరవాత, మీరు వద్దంటే మానేద్దాం, కావాలంటే అక్టోబర్‌లో పెట్టుకుందాం అంది. మా తమ్ముడు జుంగర్రాయి, మిగతా పెద్దలూ కూర్చుని పెట్టుకోండి అన్నారు. నాన్న పాట మాత్రం వద్దు. అది ఆమెతో పాటు మూసేశాం, మళ్ళీ మేమే తెరవాలి.

ఫొటో ఒకటి పెట్టి, రికార్డు చేసిన గొంతు వినిపించి నివాళిలా చేయొచ్చా అని హేజల్ అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. మావాళ్ళు పారిపోతారమ్మా అన్నాను. ఫొటో కూడదు, గొంతు కూడదు, పేరు కూడదు. మరి గుర్తు చేసుకోవడం ఎలా అంది. మరిచిపోతేగా అన్నాను.

నంగాలా రికార్డరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే దాచు యాపర్లా. నా దగ్గరుంటే వినేస్తాను." ఆర్ట్ సెంటర్ అల్మారాలో పెట్టి తాళం వేశాను.

సెప్టెంబర్ 2

అల్మారా తాళం సరిగ్గా పడిందో లేదో చూశాను.

సెప్టెంబర్ 4

తాళం చూశాను. దుమ్ము పడుతుందేమోనని రికార్డరు తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. తుడవడమే.

సెప్టెంబర్ 10

ఈరోజు నోరు జారాను.

కార్యక్రమం వరస వేస్తున్నాం. బడి పిల్లల ఆట, తరవాత నాన్న పాట ఉండాల్సిన చోటు, తరవాత కుర్రాళ్ళ బ్యాండు. ఆ చోట్లో బ్యాండు ఇంకో రెండు పాటలు వాయిస్తుందని జుపుర్రుర్లా అన్నాడు. మొత్తం మానేద్దాం అన్నాను. ఇంటింటికీ చెప్పేశాను, అందరూ వస్తామన్నారు అంది నంగాలా. రానీ, వెళ్ళిపోతారు అన్నాను. అది ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఎదురుచెప్పనిది ఎదురుచెప్పేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు.

"నీకు ఆవిడ పోయిందని లేదు. నీ పేరు పైకి రావాలని ఆరాటం," అన్నాను.

అది నా వైపు చూసింది. గొంతు కూడా పెంచలేదు.

"నాకు పేరేది యాపర్లా?"

నేను లేచి టీకి నీళ్ళు పెట్టాను. నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి గానీ తిరిగి చూడలేకపోయాను. అదే వచ్చి పక్కన నిలబడి కాగితం చూపించింది. నాన్న పాట ఉండాల్సిన చోట ఏమీ రాయలేదు.

"ఇక్కడ ఏమీ పెట్టను. కోర్టు మధ్యలో ఇసుక పోయిస్తా. దీపం ఉంటుంది. ఎవరూ రారు, ఎవరూ పాడరు. పాట ఎంతసేపుంటుందో అంతసేపు అందరం కూర్చుంటాం. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలుస్తుంది."

నేను దానికి ఇది నేర్పలేదు.

సెప్టెంబర్ 21

కొత్త పోస్టర్లు. 'నిర్వహణ: నంగాలా' అని మాత్రం వేయించింది. కుమన్‌జాయి నంగాలా అని వేద్దామని హేజల్ అంటే వద్దంది. మా ఊళ్ళో నంగాలాలు బోలెడు మంది. కొట్టు దగ్గర ఒక కుర్రాడు, ఇది ఏ నంగాలానే, మా పిన్నా అని అడుగుతున్నాడు. మా నంగాలా కొట్టు ముందు నుంచి పోవడం లేదు, చుట్టు తిరిగి వెళ్తోంది.

అక్టోబర్ 13

నిన్న జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

పొద్దు వాలుతుండగా జనం వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడని కుటుంబాలు ఎదురెదురు పడకుండా నంగాలా కుర్చీలు వేయించింది. నీళ్ళ డబ్బాలు, ముసలివాళ్ళకి దుప్పట్లు, కుక్కల్ని తోలడానికి ఇద్దరు పిల్లలు. పడమటి ఎండ కళ్ళలో కొట్టకుండా అందరినీ తూర్పుకి తిప్పి కూర్చోబెట్టింది. తప్పు వెతుకుదామని చూశాను, దొరకలేదు. అది మాత్రం గోడ దగ్గర నిలబడింది, ప్లగ్గు పక్కన.

బడి పిల్లలు ఆడి వెళ్ళారు. మధ్యలో పోసిన ఎర్ర ఇసుక మీద ఒక్క కరెంటు దీపం వేశారు. ఎవరూ రాలేదు. మాట్లాడుతున్నవాళ్ళు మెల్లగా ఆపేశారు. ముసలివాళ్ళు తల దించుకున్నారు. నాలో నాన్న పాట దానంతట అదే నడుస్తోంది. అక్క ఊపిరి తీసుకునే చోట నేనూ ఊపిరి తీసుకుంటున్నాను. ఖాళీ ఇసుక మీద దాని అడుగులు ఎక్కడ పడేవో నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆ కాసేపు దుఃఖం ఉంది గానీ భయం లేదు.

హేజల్ వాళ్ళ నగరం ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాపం ఆయనకి, ఎవరో రావడం ఆలస్యమైంది, ఏదో ఒకటి చెప్పి సర్దుదాం అనిపించినట్టుంది. లేచి మైకు అందుకున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు. మొదటి పోస్టర్ చూసి వాళ్ళ ఆఫీసులో ఎవరో రాసిచ్చిన కాగితం. హేజల్ లేచి పరిగెత్తింది గానీ కుర్చీల మధ్య నుంచి రావాలి. ఇంత చక్కగా జరిపిస్తున్న అమ్మాయిని ఇప్పుడు వేదిక మీదికి పిలుస్తున్నాను, అందరూ చప్పట్లు కొట్టండి, అన్నాడు. ఆ పేరు మొదటి అక్షరం స్పీకర్లలోంచి వచ్చింది.

అంతే, అంతా చీకటి. దీపం పోయింది, మైకు పోయింది. ఠప్పుమని ఒక స్పీకరు పేలిన చప్పుడు.

నేను గోడ వైపే చూస్తూ ఉన్నాను కాబట్టి చూశాను. ప్లగ్గు దాని చేతిలో ఉంది. రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడింది.

కరెంటు పోయిందని పిల్లలు గోల చేశారు. ఎవరో ఈలలు వేశారు. అంతలో ముసలివాళ్ళ వైపు నుంచి ఒకావిడ ఏడుపు అందుకుంది. ఇంకొకావిడ కలిపింది. నేనూ కలిపాను. ముందెవరూ లేకపోయినా గొంతు వచ్చింది. పాట కాదు, ఏడుపే. ఈలలు ఆగిపోయాయి. ఊరంతా ఆ చీకట్లో కూర్చుని, పాట ఎంతసేపు ఉండేదో అంతసేపూ ఏడ్చాం.

తరవాత జుపుర్రుర్లా తిట్టుకుంటూ వచ్చి తీగ కలిపాడు. బ్యాండు వాయించింది, పిల్లలు గంతులేశారు. ఆ పెద్దాయనకి హేజల్ చెవిలో చెప్పినట్టుంది. ఎర్రబడిపోయి మళ్ళీ మైకు ముట్టుకోలేదు.

పోయేటప్పుడు ఆఫీసువాళ్ళలో ఒకమ్మాయి నాతో, అంతా చాలా బాగుంది, ఆ కరెంటు ఒక్కటే, ఈసారి ముందుగా చూసుకోమని మీ అమ్మాయికి చెప్పండి అంది. చెబుతానన్నాను.

నంగాలా కుర్చీలు మడిచి పెడుతోంది. నన్ను చూసి, "స్పీకరు పోయిందా?" అని అడిగింది.

"ఒకటి పోయింది."

"జుపుర్రుర్లా తిడతాడు."

"తిట్టనీ," అన్నాను. చప్పట్లు కొట్టమని ఊరంతటికీ చెప్పిన పేరు అది. ఒక్క క్షణం ఊరుకుని ఉంటే దాని చెవిన పడేది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి మైకులో వినబడాల్సిన పేరుని తన చేత్తోనే ఆపేసింది. ఇదంతా దానితో అనలేదు. కుర్చీలు అందుకుని నేనూ మడిచాను.

అక్టోబర్ 20

నంగాలా వచ్చి మంచం మీద కూర్చుంది. పెద్దలు పేరు విడిచాక అది మళ్ళీ తనకే వస్తుందా అని అడిగింది. నీకే వస్తుంది, ఇంకెవరికి అన్నాను.

"అప్పటికి ఎవరైనా పిలిస్తే పలుకుతానో లేదో. నాయనమ్మని పిలుస్తున్నారనుకుంటానేమో," అంది.

దాని తల ఒళ్ళోకి లాక్కున్నాను. నాకూ దానికీ జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది, గరుకుగా. అల్మారా తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాను. ఇక నువ్వే దాచు, నేను వినేస్తాను అన్నాను. అది నవ్వింది, ఏడ్చింది, వెళ్ళిపోయింది.

తరవాత ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పాను. నాకు ఒత్తి రాసే అలవాటు. కొట్టేసిన చోట పైన నల్లగీత తప్ప ఏమీ కనబడదు. వెనక పక్క మాత్రం అక్షరాల మేర కాగితం ఉబ్బి ఉంది. కళ్ళు మూసుకుని, అక్క చేసినట్టే, వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపాను. పలకలేదు, చదవలేదు. తడిమాను, అంతే.